లాబీ గడియారంలో నాలుగూ పదిహేడు

మా హాల్లో దేవుడి పటాల పక్కన ఒక సర్టిఫికెట్ వేలాడుతోంది. నేనే ఫ్రేము కట్టించాను. "ఫ్లాట్ నంబరు 302 నివాసి శ్రీ యేలూరిపాటి గంగాధరం గారి చేతిలో నేటి వరకు ఏ గడియారమూ బాగుపడలేదనియు, ఇకమీదట బాగుపడు సూచనలు కూడా కానరాలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని ఉంటుంది. కింద ప్రెసిడెంటు సంతకం, సెక్రటరీ సంతకం, గుండ్రటి ముద్ర.

ఇంటికొచ్చిన వాళ్లు అది చదివి జాలిగా చూస్తారు. దాన్ని సంపాదించడానికి ఎంత శ్రమపడ్డానో వాళ్లకు తెలియదు.

నేను బీమా ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కాకినాడలో మా శ్రీవైభవ రెసిడెన్సీలో రిటైరైన మగవాళ్లు రెండు రకాలు. పొద్దున్నే కింద కుర్చీల్లో కూర్చుని దేశాన్ని బాగుచేసేవాళ్లు ఒక రకం. ఇంట్లో కూర్చుని భార్య వంటని బాగుచేసేవాళ్లు రెండో రకం. నాకు ఈ రెండింటిలోనూ నైపుణ్యం లేదు. కనక పాత వాచీలు పోగుచేసి బాగుచేద్దామనుకున్నాను.

దానికో బల్ల కావాలి. వాచీల బల్ల మామూలు బల్లలా ఉండకూడదు, గుండెల దాకా రావాలి. లేకపోతే వంగి వంగి మెడ పోతుంది. మా ఆవిడ వసుంధర కుట్టుమిషను బల్లని తీసుకుని కాళ్ల కింద నాలుగేసి ఇటుకలు పెట్టాను. దుమ్ము పడకుండా భాగాల మీద బోర్లించడానికి టీ గ్లాసులు తెచ్చుకున్నాను. జారిన మరలు నేలమీద పడకుండా బల్ల అంచుకి ఒక తువ్వాలు కట్టి, రెండో కొస నా మెడకి కట్టుకున్నాను. మరలు విడివిడిగా పెట్టుకోవడానికి చిన్న ఇడ్లీల రేకు సరిగ్గా సరిపోయింది. పద్దెనిమిది గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో వాచీ ప్రాణం.

"ఇడ్లీరేకులో ఇడ్లీలు లేవు, కుట్టుమిషను మీద కుట్టు లేదు. టీ గ్లాసులు తలకిందులుగా ఉన్నాయి. ఇంట్లో ఇంకేమన్నా మిగిలిందా అండీ, మీ బల్లకి?" అంది వసుంధర.

"ఫ్యాను ఆపాలి," అన్నాను.

కాకినాడలో మే నెలలో ఫ్యాను ఆపమన్నవాడితో ముప్పై ఏళ్లుగా కాపరం చేస్తున్నందుకు ఆవిడకి కూడా ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. కానీ ఆవిడ ఆపింది. దానికో కారణం ఉంది. నా దగ్గరున్న ఇరవై మూడు వాచీల్లో ఇరవై మూడోది మా అత్తగారిది.

మా అత్తగారు పెద్దాపురం దగ్గర ఒక బళ్లో ఇరవై ఎనిమిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేశారు. బొటనవేలి గోరంత డయలు, నల్ల నాడా ఉన్న కీ వాచీ. అది చూసి ఆవిడ తొమ్మిది అంటే బడిగంట మోగేది. గంట మోగాకే ఊళ్లో మిగతా గడియారాలు తమ తప్పు తెలుసుకునేవి. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడ పోయిన నెలకే వాచీ కూడా ఆగిపోయింది. ఈ జూన్లో బడి తెరిచే రోజున, అంటే పన్నెండో తారీకు సోమవారం, బడికి డెబ్బై ఐదేళ్లు నిండుతాయి. ఆవేళ తొమ్మిదింటికి మొదటి గంట మా వసుంధర కొట్టాలని కబురొచ్చింది.

"అమ్మ వాచీ చూసే కొడతాను," అంది వసుంధర. "ఎవరి ఫోనూ చూసి కొట్టను."

అప్పటికి నాకు ఇరవై రెండు రోజులు టైముంది. సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి నోటీసు వచ్చింది.

"పై విషయమై తెలియజేయునది ఏమనగా, తమ ఫ్లాటులో గడియారముల మరమ్మత్తు జరుగుచున్నట్లు అసోసియేషన్ దృష్టికి వచ్చినది. నివాస భవనములో వృత్తి వ్యాపారములు జరిగినచో మొత్తం భవనము కమర్షియల్ మీటరు కిందకు మారు ప్రమాదము కలదు. కావున తమది వృత్తియో హాబీయో ఆదివారము నాలుగు గంటల సమావేశమునకు వచ్చి రుజువు చేసుకొనవలెను."

మా ప్రెసిడెంటు మల్లంపల్లి పురుషోత్తం గారు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. మంచివారే. కాకపోతే ఏ కాగితాన్నయినా మొదటిసారి వెనక్కి పంపకపోతే ఆయనకి అన్నం సయించదు. సెక్రటరీ గెడ్డం జోగారావు, ఆయన ఏమంటే అది రాసుకుంటాడు. దగ్గినా రాసుకుంటాడు.

సమావేశం కింద లాబీలో. అక్కడ గోడ మీద అసోసియేషన్ వారి గడియారం ఉంది. మూడేళ్ల క్రితం నాలుగూ పదిహేడుకి ఆగిపోయింది. అయినా బైలాస్ తొమ్మిదో నిబంధన ప్రకారం శ్రీవైభవ రెసిడెన్సీకి అధికారిక సమయం ఆ గడియారందే. అందువల్ల మా మీటింగులన్నీ నాలుగూ పదిహేడుకి మొదలై నాలుగూ పదిహేడుకే ముగుస్తాయి. మూడేళ్లుగా మినిట్సు పుస్తకంలో మా అంత చురుకైన అసోసియేషన్ ఇంకోటి ఉండదు.

"గంగాధరం గారూ, హాబీ అంటే మీ నిర్వచనం ఏంటండీ?" అన్నారు పురుషోత్తం గారు.

"సరదాకి చేసేదండి."

"సరదా అన్నది రికార్డుకి రాదండి. మేం సబ్‌కమిటీ వేసి లోతుగా పరిశీలించాం. జోగారావూ, చదవవయ్యా."

జోగారావు లేచి చదివాడు. "వృత్తి అనగా ఫలితమునిచ్చు పని. హాబీ అనగా ఫలితము లేని పని. ఫలితము కనబడిన మరుక్షణము హాబీ వృత్తిగా మారును."

"అంటే?"

"మీరు వాచీలు విప్పుకోండి, బిగించుకోండి. మాకేం అభ్యంతరం లేదు," అన్నారు పురుషోత్తం గారు దయగా. "ఒక్కటి కూడా నడవకూడదు. అంతే."

"నడిస్తే?"

"సామగ్రితో పాటు బల్ల మీదున్న వాచీలన్నీ అసోసియేషన్ గదిలో భద్రపరుస్తాం. తర్వాతి జనరల్ బాడీ మార్చిలో. అక్కడ తేలుస్తాం."

నా దగ్గరున్న వాచీల జాబితా ఇవ్వమన్నారు. నేను బీమా ఆఫీసు మనిషిని. ఇరవై మూడూ నంబర్లతో సహా రాసిచ్చాను. ఆ సాయంత్రం వసుంధర దాని నకలు చివరిదాకా చదివింది.

"ఆ ఒక్కటీ రాయకపోతే ఏం పోయేదండీ?" అంది.

"ఫారంలో కాలమ్ ఉంది మరి," అన్నాను.

తనిఖీలు మొదలయ్యాయి. రెండో అంతస్తులో చంద్రమౌళి గారు పదకొండేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నారు. కమిటీ వెళ్లి కూర్చున్న రెండో నిమిషంలోనే "శుద్ధమైన హాబీ" అని సర్టిఫికెట్ రాసిచ్చి లేచి వచ్చేసింది. మా ఎదుటి ఫ్లాటు సీతాయమ్మ గారికి అలా జరగలేదు. ఆవిడ ఏటా ఆవకాయ పెట్టి అందరికీ పంచుతుంది. కమిటీ రుచి చూసింది. అన్నం తెప్పించుకుని మళ్లీ చూసింది. జాడీ సగమయ్యాక జోగారావు మూతి తుడుచుకుని "ఫలితము ఉన్నది" అని రాసుకున్నాడు. మిగతా సగం భద్రపరచడానికి అసోసియేషన్ గదికి వెళ్లింది. అది అక్కడ మూడు రోజులు కూడా భద్రంగా లేదు.

"నా కారం తిని నాకే నోటీసా?" అంది సీతాయమ్మ గారు మా గుమ్మంలో నిలబడి. "వచ్చే ఏడు ఉప్పు మూడింతలు ఏత్తానండి. అప్పుడు తెలుత్తాది ఆళ్లకి, హాబీ అంటే ఏంటో."

బిల్డింగులో పద్ధతులు మారిపోయాయి. ఎవరికి ఏదన్నా చేతనైతే రహస్యంగా ఉంచుకోవడం మొదలెట్టారు. చేతకానివాళ్లు సర్టిఫికెట్లు లామినేషన్ చేయించి గుమ్మానికి తగిలించుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం జోగారావు వచ్చాడు. తలుపు తీస్తే అటూ ఇటూ చూసి లోపలికి దూరాడు.

"సెక్రటరీగా రాలేదండి, మామూలుగా వచ్చాను." జేబులోంచి రుమాలు తీశాడు. అందులో వాచీ ఉంది. "మా మావగారు పెళ్లిలో పెట్టారండి. ఆగిపోయి ఆరేళ్లు. మా ఆవిడ రోజూ అడుగుతుందండి, మా నాన్న పెట్టిందని లెక్కలేదు నీకు అని."

"జోగారావు గారూ, నేను రిపేరు చేయకూడదు కదండీ."

"అయ్యయ్యో, రిపేరు చేయమనట్లేదండి! నిబంధన నేనే రాశాను, నాకు తెలీదాండి? ఊరికే నడిచేలా చూడండి, చాలు."

చూశాను. నడిచింది.

మూడో రోజున ప్రెసిడెంటు గారే వచ్చారు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, గోడకేసి చూస్తూ అన్నారు. "ఇది అధికారిక పర్యటన కాదు."

"సరేనండి."

"నేనిక్కడికి రాలేదు."

"రాలేదండి."

"రాలేదు కాబట్టి మీకు ఏదీ ఇవ్వలేదు." అంటూ తన రిటైర్మెంటు వాచీ బల్ల మీద పెట్టారు. "ఆఫీసులో అందరూ కలిసి పెట్టారండి. పెట్టిన వారానికే ఆగింది. వాళ్లు నా గురించి ఏమనుకున్నారో అని అప్పుడప్పుడు అనిపిస్తూంటుంది."

నాకు మొదటిసారి ఆయన మీద అభిమానం కలిగింది. లోపల చిన్న నలక అడ్డుపడింది, అంతే. తీసేసి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "పదకొండో తారీకు ఆదివారం, నాలుగింటికి మీ ఫ్లాటు తనిఖీ. అన్నీ ఆగి ఉండాలి. నిబంధన నిబంధనే," అన్నారు.

వాళ్లిద్దరి వాచీలూ ఒక్కో పూటలో నడిచాయి. మా అత్తగారిది మాత్రం మొండికేసింది. అందులో తలవెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగు ఒకటి మెలిపడిపోయింది. రెండుసార్లు సరిచేశాను, రెండుసార్లు పది నిమిషాలు నడిచి ఆగింది. మూడోసారి ఆదివారం పొద్దున్న పదింటికి, ఊపిరి బిగపట్టి, పట్టకారుతో చుట్టు విడదీశాను. చిన్న చక్రం ఒకసారి ఊగింది. ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు.

వసుంధర వంటింట్లోంచి వచ్చింది. నేను పిలవలేదు. ఫ్యాను లేని గదిలో ఆ చప్పుడు అంత దూరం వినిపించిందట.

"అమ్మ చెయ్యి పట్టుకుని బడికెళ్లేటప్పుడు నా చెవి సరిగ్గా ఈ చప్పుడు దగ్గరుండేది," అంది.

తర్వాత నాకు తనిఖీ గుర్తొచ్చింది.

"వసూ, నాలుగింటికి వాళ్లొస్తారు. కాసేపు ఆపి, వాళ్లు వెళ్లాక…"

"ఆపితే మళ్లీ నడుస్తుందని రాసిస్తారా?"

రాసివ్వలేను. ఆ స్ప్రింగుని నాలుగోసారి ముట్టుకుంటే తెగిపోతుందని నాకే తెలుసు. దాచేద్దామంటే జాబితాలో ఇరవై మూడో నంబరుగా నా చేత్తో నేనే రాశాను. ఇక వాళ్లు పట్టుకుపోతే మార్చి దాకా రాదు, గంట రేపు పొద్దున్నే.

నాలుగింటికి వచ్చారు. పురుషోత్తం గారు, జోగారావు, ఇద్దరూ పొడుగుచేతుల చొక్కాలు వేసుకుని గుండీలు పెట్టుకున్నారు. జూన్ నెలలో. వాళ్లతో పాటు తటస్థ సాక్షిగా ఇదివరకే తిరస్కరణ పొందిన ఫ్లాటు నుంచి ఒకరు ఉండాలట. సీతాయమ్మ గారు వచ్చింది. ఆవిడ మొహంలో తటస్థత ఏ కోశానా కనబడలేదు.

"ఇడ్లీరేకు ఎందుకు?" అన్నారు పురుషోత్తం గారు బల్ల చూసి. "టిఫిన్లు కూడానా?"

"మరలకండి."

"మరలు తినరు కాబట్టి పరవాలేదు. రాసుకో జోగారావూ. ఇక నంబరు ఒకటి."

"ఆగి ఉన్నదండి."

"రెండు?"

"ఆగి ఉన్నదండి."

అలా ఇరవై రెండు దాకా సాఫీగా నడిచింది, అంటే ఏదీ నడవలేదు. అప్పుడు గది నిశ్శబ్దమైంది. ఫ్యాను లేదు. ఇరవై మూడో వాచీ తన పని తాను చేసుకుపోతోంది.

"చప్పుడు," అంది సీతాయమ్మ గారు.

"ఫ్యాను వేయండి," అన్నారు పురుషోత్తం గారు వెంటనే.

"ఎందుకండీ ఫ్యాను? శుబ్బరంగా ఇనపడతంది. ఒకటి బల్ల మీంచి వత్తంది. ఒకటి జోగారావు గారి చొక్కా చేతిలోంచి వత్తంది. ఇంకోటి మీ కాడ్నించే, ప్రెసిడెంటు గారూ!"

జోగారావు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పురుషోత్తం గారు నాకేసి చూశారు. నేను నేలకేసి చూశాను. నంబరు ఇరవై మూడు నడుస్తోందని రాస్తే నాది వృత్తి. నాది వృత్తి అయితే సొంత నిబంధనని మీరి వృత్తి చేయించుకున్నది వాళ్లిద్దరూ. సీతాయమ్మ గారు ఇంకాసేపట్లో ఈ సంగతిని ఆరంతస్తులకీ చేరవేస్తుంది.

ముప్పై ఆరేళ్ల ట్రెజరీ అనుభవం ఊరికే పోలేదు. పురుషోత్తం గారు గొంతు సవరించుకున్నారు.

"నడవడం వేరు, పనిచేయడం వేరు. ఏదో చప్పుడు చేస్తున్నంత మాత్రాన బాగుపడినట్టు కాదు. ఎంతోమంది ఉద్యోగులు కూడా చప్పుడు చేస్తూంటారు. సరైన టైము చూపిస్తేనే వాచీ పనిచేసినట్టు. సరైన టైము ఏది? బైలాస్ తొమ్మిది! జోగారావూ, కిందకెళ్లి చూసిరా."

జోగారావు పరిగెత్తాడు. ఆయాసంతో తిరిగొచ్చి, "నాలుగూ పదిహేడండి," అన్నాడు, మూడేళ్లలో అదేదో కొత్త వార్త అయినట్టు.

"ఈ వాచీలో?"

"నాలుగూ తొమ్మిది."

"ఎనిమిది నిమిషాల తేడా! చూశారామ్మా? బాగుపడలేదు. అసలు మన బిల్డింగులో ఎవరి చేతి వాచీ కూడా బాగుపడలేదు. హాబీ రుజువైనది. రాయవయ్యా సర్టిఫికెట్."

నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే పురుషోత్తం గారు సర్టిఫికెట్ చెప్పి రాయించడమంటే మామూలు విషయం కాదు. "ధ్రువీకరించడమైనది" అని, మళ్లీ కొట్టేసి "ఇందుమూలముగా" ముందు చేర్చమన్నారు. కార్బన్ పేపరు తిరగబడింది, మళ్లీ మొదట్నుంచి రాయించారు. నాలుగూ పన్నెండు. "బాగుపడలేదనియు" దగ్గర "సూచనలు కూడా" అని చేర్చమన్నారు. నాలుగూ పద్నాలుగు. ముద్రని కింద అసోసియేషన్ గదిలోనే మర్చిపోయారు, జోగారావు మళ్లీ పరిగెత్తాడు. నేను వాచీకేసి చూస్తున్నాను. అది ఒక్కో నిమిషమూ బాగుపడుతోంది.

ముద్ర వచ్చింది. పురుషోత్తం గారు పెన్ను మూత తీశారు.

"ఒక్క నిమిషం," అంది సీతాయమ్మ గారు తాపీగా. "సంతకానికి ముందు సాచ్చి చూడాలి గదండీ. ఇప్పుడెంతయ్యింది అందులో?"

వాచీలో నాలుగూ పదిహేడు.

జోగారావు తన చొక్కా చెయ్యి పైకి లాక్కుని చూసుకున్నాడు. నాలుగూ పదిహేడు. పురుషోత్తం గారిది చూడక్కర్లేదు, మొహంలో తెలిసిపోతోంది. బైలాస్ ప్రకారం మూడు వాచీలూ క్షణంలో పూర్తిగా బాగుపడిపోయాయి. పెన్ను గాల్లో ఆగింది. ఆయన చెయ్యి మెల్లగా బల్ల మీది వాచీ వైపు, భద్రపరచడానికి కాబోలు, కదిలింది.

"దాని మీద చెయ్యి వేయకండి," అంది వసుంధర.

అది మా ఆవిడ గొంతు కాదు. నేను ఇదివరకు ఒకే ఒక్కసారి విన్నాను, పెళ్లిచూపుల్లో, మా అత్తగారు నన్ను పదమూడో ఎక్కం అడిగినప్పుడు. పురుషోత్తం గారు చెయ్యి వెనక్కి తీసుకుని, ఎందుకో లేచి నిలబడ్డారు.

"లాబీ గడియారం ఆగిపోయిందా, నడుస్తోందా?"

"ఆగిపోయిందమ్మా. రిజిస్టర్లో కూడా ఉంది."

"ఆగిపోయిన గడియారంలో ఎంత ఉందో దీంట్లోనూ సరిగ్గా అంతే ఉంటే, ఇది నడుస్తున్నట్టా, ఆగినట్టా?"

పురుషోత్తం గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో నీళ్లున్నాయి.

"ఆగినట్టేనమ్మా," అన్నారు. సంతకం పెట్టేశారు. జోగారావు ముద్ర ఎంత గట్టిగా కొట్టాడంటే ఇడ్లీరేకులో మరలు ఎగిరాయి. సీతాయమ్మ గారు నవ్వుతూ సాక్షి సంతకం పెట్టి, "అమ్మాయ్, మీ అమ్మ బతికుంటే ఈళ్లిద్దర్నీ బెంచీ ఎక్కించేదే!" అంది.

మర్నాడు పొద్దున్న పెద్దాపురం దగ్గర బళ్లో, అధికారికంగా ఆగిపోయిన వాచీని చూస్తూ వసుంధర గంట దగ్గర నిలబడింది. ముల్లు సరిగ్గా నిలువుకి రాగానే కొట్టింది. అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన ఉలిక్కిపడి లేచి చొక్కా సర్దుకున్నాడు. పాత విద్యార్థి అట.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ ఆ వారమే అసోసియేషన్ తీర్మానం ఒకటి వచ్చింది. లాబీ గడియారం మీద దుమ్ము పేరుకుంది కాబట్టి, దాన్ని యథాతథ స్థితిలో నిర్వహించుటకు, చేతిలో ఏ గడియారమూ బాగుపడదని ధ్రువీకరణ పొందిన ఏకైక వ్యక్తి అయిన నాకు అప్పగించుటకు ఏకగ్రీవంగా నిర్ణయించారు. జోగారావు దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

వెనక మూత తీశాను. వసుంధర తొంగిచూసింది.

"ఏమైందండీ దీనికి?"

"ఏమీ కాలేదు. సెల్లు అయిపోయింది."

"మూడేళ్లుగానా?"

"సెల్లు వేయడానికి తీర్మానం ఇంకా పెండింగులో ఉందట."

వసుంధర లోపలికెళ్లి టీవీ రిమోట్లోంచి ఒక సెల్లు తీసుకొచ్చింది. నేను వద్దనలేదు. దుమ్ము తుడిచి, మా అత్తగారి వాచీ చూసి ముళ్లు తిప్పి, తీసుకెళ్లి ఎక్కడిది అక్కడ తగిలించాను.

మర్నాడు ఉదయం తలుపు దబదబా మోగింది. పురుషోత్తం గారు బనీను మీదే వచ్చేశారు. వెనక జోగారావు, పుస్తకం లేకుండా.

"గంగాధరం గారూ, కొంప మునిగింది! లాబీ గడియారం నడుస్తోంది!"

"అలాగాండి?"

"అధికారిక సమయం కదిలిపోతోందండీ బాబూ! మా వాచీలు దాంతో సెకనుకి సెకను సరిపోతున్నాయి. నిమిషనిమిషానికీ బాగుపడిపోతున్నాయి! సీతాయమ్మ గారు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. మీ సర్టిఫికెట్ పోతుంది, మా పరువు పోతుంది. దయచేసి వచ్చి దాన్ని ఆపండి."

నేను లేచి గోడ మీది ఫ్రేము తీసి, పైన దుమ్ము తుడిచి, ఆయన చేతిలో పెట్టాను.

"నేనాపితే ఆగుతుందాండి? ఆగితే అది ఫలితం కదా. నా చేతిలో ఏ ఫలితమూ రాదని మీరే రాసిచ్చారు."

ఆయన సర్టిఫికెట్‌ని మొదట్నుంచి చివరిదాకా చదివారు. లోపం ఎక్కడా దొరకలేదు. స్వయంగా రాయించినది మరి. నిట్టూర్చి, అలవాటుగా చేతి వాచీ చూసుకున్నారు.

"తొమ్మిదయింది," అన్నారు.

"సరిగ్గా తొమ్మిది," అంది వంటింట్లోంచి వసుంధర.